వేడెక్కాక ఆయిల్ లైటు వస్తోంది, ఇంజిన్ దింపాల్సిందేనా?

రాయచోటి జీపు:
మాది 2001 మహీంద్రా కమాండర్, డీఐ ఇంజిన్. పొద్దున స్టార్ట్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి కోవా అంగళ్ల దగ్గర ఆపితే స్లోలో (ఐడ్లింగ్‌లో) ఆయిల్ లైటు మిణుకుమంటుంది. కొంచెం రేజ్ చేస్తే ఆరిపోతుంది. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండానే బేరింగులు పోయినాయి, ఇంజిన్ దింపాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

చీనీతోట:
20డబ్ల్యూ50 అని చిక్కటి ఆయిల్ పోయండి, లైటు రాదు. మా ట్రాక్టర్‌కు అదే చేసినాం.

పాత పానా:
లైటు రాదు సరే, జబ్బు పోతుందా ప్పా? తమ్ముడూ, ఆయిల్ ప్రెజర్ తగ్గితే ఆ లైటు వెలిగించే స్విచ్ ఒకటుంటుంది, అది చెడినా లైటు వస్తుంది. స్విచ్ విప్పి, ఆ బెజ్జానికే మెకానికల్ ప్రెజర్ గేజి బిగించి, బండి బాగా వేడెక్కినాక చూడు. వెయ్యి ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్‌ఐ (ప్రెజర్ కొలత) చొప్పున ఉంటే పాత బండికి చాలు. ఇది మోటు లెక్కే, మాన్యువల్ దొరికితే దాంట్లో అంకెలే చూసుకో. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వాసన కూడా చూడు.

రాయచోటి జీపు:
పెట్టించినా అన్నా. వేడి మీద స్లోలో 6, రెండు వేలకు 17. ఆయిల్ పై గీత దాటి ఉంది, మేమేమీ పోయలేదు. వేళ్ల మధ్య నీళ్లలా జారుతోంది, డీజిల్ కంపు.

పాత పానా:
అయితే ఇంజిన్ జోలికి పోవద్దు. ఈ వయసు బండి ఆయిల్ తాగాలి గానీ మట్టం పెరగడమేంది? డీజిల్ ఇంజెక్షన్ పంపు సీలు పోయినా, దానికి డీజిల్ అందించే ఫీడ్ పంపు డయాఫ్రం చినిగినా డీజిల్ చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలోకి దిగుతుంది. ఆయిల్ పలచనైతే బేరింగుల సందుల్లోంచి జారిపోతుంది, ప్రెజర్ నిలవదు. అది బాగయ్యేవరకు బండి తీయొద్దు. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చి, ఆపినా ఆగకుండా పరిగెత్తుతుంది. పంపు బాగు చేయించి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చు. 15డబ్ల్యూ40 చాలు. పాత ఫిల్టర్ పారేయకుండా కోసి, లోపలి కాగితం మడతలు తెల్లగుడ్డ మీద పిండు. రాగిరంగు రజను కనిపిస్తే షెల్ బేరింగులు అరిగినట్టే. అప్పుడైనా ముందు చాంబర్ విప్పి కిందనుంచే చూడమను.

రాయచోటి జీపు:
పంపు సీలే అన్నా. ఇప్పుడు వేడి మీద స్లోలో 14. ఫిల్టర్‌లో రాగిరంగు లేదు, తెల్లగా మెరిసే రజను కొద్దిగా ఉంది.

పాత పానా:
14 మంచిదే. రజను ఉంది కాబట్టి ఈసారి ఆయిల్ గడువుకు ముందే మార్చి, ఆ ఫిల్టర్ కూడా కోసి చూడు. గేజి మాత్రం తీయించొద్దు.