సమస్య: "సున్న శేషమైన సొమ్ము మిగిలె"

అమలాపురం నిర్వాహకులు: ఈ వారం పాదం ఇదండీ, దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. శేషమంటేనే మిగిలినది. అది సున్న అయ్యాక సొమ్మెక్కడిది? కానివ్వండి.

పాలకొల్లు మాస్టారు:
పంట సొమ్ము మూఁడు పాళ్ళుగ భాగింప
మువ్వురకును సమము ముట్టె లబ్ధి
లెక్క తెగిన దనుచు లేచెను కరణము
సున్న శేషమైన సొమ్ము మిగిలె

63ని 3తో భాగిస్తే శేషం 0, లబ్ధం 21. మిగిలిన సొమ్ము ఆ లబ్ధమే.

రాజోలు రైతుబిడ్డ:
దాళ్వ పంట నమ్మి ధనమిచ్చి తీర్చెను
పాత బాకీ నెల్ల పైసతోడ
అప్పుశేష మన్న నగ్గిశేషమె గదా
సున్న శేషమైన సొమ్ము మిగిలె

అంబాజీపేట పంతులు: 'బాకీ' రెండక్షరాలూ గురువులే, అక్కడ రావాల్సిన సూర్యగణం (గురువు-లఘువు గానీ, మూడు లఘువులు గానీ) చెడింది తమ్ముడూ. 'బాకి నెల్ల' అంటే సరి. భావం మాత్రం గట్టిది. బాకీ అరబ్బీ మాట, అక్కడా అర్థం 'మిగిలినది' అనే. మన లెక్కల్లోకొచ్చి 'తీర్చాల్సిన అప్పు' అయింది. రెండు భాషల శేషాలూ ఒకే పద్యంలో కూడాయి. అప్పు, నిప్పు, శత్రువు శేషం ఉంచితే మళ్ళీ పెరుగుతాయన్న నీతిశ్లోకమూ పలికింది. మాస్టారి పద్యంలో గణితం ఉందిగానీ ఈ పదును లేదు.

పాలకొల్లు మాస్టారు: గణాల మీది శ్రద్ధ ధాతువుల (మాటల మూలాల) మీదా ఉండాలండి. పోయినసారి మీ పూరణలో శిష్యుణ్ణి కూడా 'శిష్' నుంచే పుట్టించారు, గురువు దగ్గర మిగిలిపోయినవాడని! శిష్యుడిది 'శాస్' ధాతువు, బోధించడం. 'శిష్'కి ఘఞ్ అనే ప్రత్యయం చేరితే శేషం. అవశేషం, విశేషం, ఉచ్ఛిష్టం దాని కుటుంబం. 'శిష్ట' రూపం మాత్రం రెండు ధాతువులకీ వస్తుంది. మిగిలినదీ శిష్టమే, చదువు నేర్చినవాడూ శిష్టుడే. చాలామంది జారేది అక్కడే.

అంబాజీపేట పంతులు: ఆయ్, 'శిష్'తోనే చెబుతాను.

ప్రళయవేళ జగము పద్మాక్షు గర్భాన
నడఁగిపోవ శయ్య యహియె నిలిచె
శేషి సొమ్ము గాదె శేషుఁడెవ్వఁ డరయ
సున్న శేషమైన సొమ్ము మిగిలె

అహి అంటే పాము. అన్నీ పోగా మిగిలేవాడు కనుక ఆదిశేషుడు. 'శేషః పరార్థత్వాత్' అని మీమాంసా శాస్త్రంలో జైమిని సూత్రం, ఇంకొకరి కోసం ఉండేది శేషం. రామానుజుల మతంలో జీవుడు శేషం, దేవుడు శేషి, అంటే ఆ శేషానికి యజమాని. అందుకే 'సొమ్ము'ను ధనంగా కాక సొంత ఆస్తిగా పట్టాను.

అమలాపురం నిర్వాహకులు: 'సొమ్ము' విరుపుకే ఈ వారం నా ఓటు. 'శయ్య యహియె' దగ్గర యకారాలు గుద్దుకుంటున్నాయి, చదివేటప్పుడు నాలుక పట్టేస్తోంది.

పాలకొల్లు మాస్టారు: యకారాలు సరే, శేషుడే మిగిలితే శేషం సున్న ఎలా అయిందండీ?

అంబాజీపేట పంతులు: సున్న అయింది జగత్తు తాలూకు శేషం. మొదటి పాదంలో 'జగము' అందుకే పెట్టాను, మళ్ళీ చదవండి.

రాజోలు రైతుబిడ్డ: రెండో పాదం: పాత బాకి నెల్ల పైసతోడ. 'పంట నమ్మి'ని అమ్మినా నమ్మినా అన్వయం కుదురుతుంది, అదెవరూ చూడలేదు.