ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే ఇథనాల్ ఫ్యాక్టరీ: ఎట్లా కుదిరింది?

మక్కచేను:
మా మండలంలో ఇథనాల్ ఫ్యాక్టరీకి ప్రహరీ లేస్తోంది. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టనే లేదు. అడిగితే "దీనికి అవసరం లేదు, ఈసీ (పర్యావరణ అనుమతి) వచ్చేసింది" అంటున్నారు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో జనం రోడ్డెక్కితే గానీ పనులు ఆగలేదు. అంతదాకా పోకముందే చేయగలిగేది ఏమైనా ఉందా?

పాలమూరు వకీలు:
వాళ్లు చెప్పింది సగం నిజం. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌ను 2021 జూన్ 16న సవరించారు. ధాన్యంతో ఇథనాల్ తీసి పెట్రోల్‌లో కలపడానికే ఇస్తూ, వ్యర్థజలం బయటికి వదలని డిస్టిలరీలను బీ2 కేటగిరీలోకి తెచ్చారు. బీ2 అంటే ఈఐఏ నివేదికా ఉండదు, ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు.

అదే సవరణలో ఇంకో షరతు ఉంది. తీసిన ఇథనాల్ పూర్తిగా బ్లెండింగ్‌కు (పెట్రోల్‌లో కలపడానికి) పోవడం లేదని తేలితే ఈసీ రద్దవుతుంది. పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ పరివేశ్ నుంచి ఈసీ లేఖ దించుకోండి. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ఇచ్చిన సీఎఫ్‌ఈని (కట్టడానికి ఇచ్చే సమ్మతి పత్రాన్ని) దాని పక్కన పెట్టి, ఉత్పత్తుల పట్టిక లైను లైను పోల్చండి. ఎక్కడైనా మద్యానికి వాడే ఈఎన్ఏ అనే స్పిరిట్ కనిపిస్తే మినహాయింపు పునాదే కదులుతుంది.

గడువు మాత్రం మరవకండి. ఎన్జీటీలో (జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో) ఈసీ మీద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. అది దాటితే ఎన్జీటీ చెన్నై బెంచ్ తలుపు మూసుకున్నట్టే. ఎక్కువమంది ఓడేది ఇక్కడే. అయితే కంపెనీ ఈసీ సంగతి స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, పంచాయతీకి కాపీ ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు బోర్డు మీద పెట్టాలి. ఇవి జరగకపోతే గడువు ఎప్పటినుంచి లెక్కించాలన్న వాదనకు బలం వస్తుంది. పంచాయతీకి వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డ్ రిజిస్టర్ నకలు ఇప్పుడే తీసుకోండి.

ఆవిరిగొట్టం:
కాగితం మీద "చుక్క బయటికి పోదు" అని రాయడం తేలికే. ప్లాంటులో కష్టమంతా స్పెంట్‌వాష్‌తోనే, అంటే ఇథనాల్ తీశాక మిగిలే మడ్డినీటితోనే. దాన్ని డికాంటర్ అనే యంత్రంలో గిర్రున తిప్పి పిప్పి వేరు చేస్తారు, మిగిలిన పలుచటి నీటిని ఎవాపరేటర్‌లో చిక్కబరిచి, పిప్పితో కలిపి డ్రయర్‌లో ఆరబెడతారు. అదే పశువుల దాణాగా అమ్మే డీడీజీఎస్. ఎవాపరేటర్ గొట్టాల్లో గార కట్టినా, డ్రయర్ ఆగినా ఈ వరుస మొత్తం ఆగుతుంది, కిణ్వనం (ధాన్యం పులవడం) మాత్రం ఆగదు. నిల్వ ట్యాంకు నిండాక వానపడే రాత్రి వాగులోకి వదిలే ప్రమాదం అప్పుడే.

పట్టుకోవడానికి ఒక లెక్క: టన్ను మక్కలకు సుమారు 300 కిలోల డీడీజీఎస్ రావాలి. కొన్న ధాన్యం, అమ్మిన డీడీజీఎస్ లెక్కలు సమాచార హక్కు కింద పీసీబీని అడగండి. దాణా మరీ తక్కువగా ఉంటే మిగతాది ఎటు పోయిందో కంపెనీ చెప్పాలి. వాగు నీళ్లు మీరు సీసాలో పట్టుకెళ్తే కోర్టులో నిలవవు. నీటి చట్టం ప్రకారం బోర్డు అధికారి పట్టి సీలు వేసిన నమూనానే సాక్ష్యం, కాబట్టి వాసన వచ్చిన రోజే ఫిర్యాదు పెట్టి అధికారిని రప్పించాలి.

గోదారిగట్టు:
దిలావర్‌పూర్‌లో అనుమతి మీరిచ్చారంటే మీరిచ్చారని పార్టీలు తిట్టుకున్నాయి. 2021 సవరణను ఎత్తేయమని మాత్రం ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు, ఇదే నాకు మింగుడుపడనిది. 20 శాతం బ్లెండింగ్ లక్ష్యాన్ని 2030 నుంచి 2025కు ముందుకు జరిపారు, ఆ తొందరలో ఊరి నోరు మూశారు. ఇథనాల్ వద్దని నేననను. పక్కన బతికేవాళ్లను అడగకుండా పెట్టడం అన్యాయం. మీ ఎమ్మెల్యేను "ఆపిస్తారా?" అని అడిగితే తలూపుతారు. "బీ2 మినహాయింపు రద్దు కోరుతూ అసెంబ్లీలో మాట్లాడతారా?" అని రాతపూర్వకంగా అడగండి.

మక్కచేను:
గ్రామసభ తీర్మానం పెడితే ఆగుతుందా అన్నా?

పాలమూరు వకీలు:
అదొక్కటే ఈసీని ఆపదు. అయినా పెట్టండి, తేదీ, సంతకాలతో. కట్టడం అయ్యాక, ఉత్పత్తికి ముందు కంపెనీ పీసీబీ దగ్గర సీఎఫ్‌ఓ (నడపడానికి ఇచ్చే సమ్మతి) తీసుకోవాలి. ఆ తీర్మానం, ఉత్పత్తుల పట్టికల పోలిక, పంచాయతీ రిజిస్టర్ నకలు మూడూ అంతకుముందే బోర్డు ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.