కెనడాలో ఫార్మసిస్టు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (హన్మకొండ నుంచి కొత్తగా వచ్చాను)

బ్రాంప్టన్ నుంచి:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. కాకతీయ యూనివర్సిటీ కింద బీఫార్మసీ, ఆ తర్వాత ఎంఫార్మసీ చేశాను. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ఒక మెడికల్ షాపులో నాలుగేళ్ళు పనిచేశాను. మావారి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ఆరు వారాలైంది, నాకూ వర్క్ పర్మిట్ ఉంది. ఎంఫార్మసీ ఉంటే మొదటి పరీక్ష రాయక్కర్లేదని ఒకరన్నారు. ఇంకొకరేమో ఇదంతా అయ్యే పని కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దారి తెలిసినవాళ్ళు చెప్పగలరు.

మిసిసాగా నుంచి:

చెల్లె, మాది కాజీపేట. నీకంటే పెద్దదాన్నే అయి ఉంటాను కాబట్టి నువ్వు అంటున్నా, ఏమనుకోకు.

టెస్టింగ్ సలహా నాకూ ఇచ్చారు. ఇచ్చినాయన ఇప్పుడు ఏటా ఫ్లూ టీకాకు నా దగ్గరికే వస్తాడు. ఇక ఎంఫార్మసీ సంగతి: అది చూసి పరీక్ష మాఫీ చేయరు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది నీ బీఫార్మసీయే.

దారి ఇదీ. ముందు ఫార్మసిస్ట్స్ గేట్‌వే కెనడా అనే వెబ్‌సైట్‌లో నమోదై నేషనల్ ఐడీ నంబరు తీసుకో. ఆ నంబరుతో పీఈబీసీకి, అంటే పరీక్షలు పెట్టే బోర్డుకు, సర్టిఫికెట్ల పరిశీలన కోసం దరఖాస్తు పెట్టాలి. అది అయ్యాక ఇవాల్యుయేటింగ్ పరీక్ష. దాని తర్వాత క్వాలిఫయింగ్ పరీక్ష, అందులో రెండు భాగాలు: ఒకటి ఆబ్జెక్టివ్, రెండోది ఓస్కీ, అంటే పేషెంటుతో మాట్లాడి చూపించే ప్రాక్టికల్ పరీక్ష. ఇవన్నీ పాసైనా లైసెన్సు ఇచ్చేది పీఈబీసీ కాదు, ప్రావిన్స్. మనకు ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్. పేరులో కాలేజ్ అని ఉన్నా పాఠాలేమీ చెప్పరు, మన ఫార్మసీ కౌన్సిల్ లాంటిదే. వాళ్ళకు ఇంగ్లిష్ వచ్చని చూపించాలి, ఇక్కడి చట్టాల మీద జురిస్‌ప్రుడెన్స్ పరీక్ష రాయాలి, ఫార్మసీలో పనిచేస్తుండగా చూసి మార్కులు వేసే పేస్ అనేది ఒకటి దాటాలి. క్యూబెక్ పోయే ఆలోచన ఉంటే మాత్రం ఇది పనికిరాదు. అక్కడి పద్ధతి వేరు, ఫ్రెంచి కూడా కావాలి.

పుస్తకాలు తర్వాత కొనొచ్చు. ఈ వారం చేయాల్సింది వరంగల్ కాగితాల పని. ట్రాన్‌స్క్రిప్టు అంటే నీ ఫైల్లో ఉన్న మార్కుల మెమోల జిరాక్సు కాదు. యూనివర్సిటీ నుంచే నేరుగా పీఈబీసీకి చేరాలి. నీ కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం పెట్టిచ్చినా అది చెల్లదు. నేను అక్కడున్నప్పుడు ఈ పని చూసుకోకుండా వచ్చేశాను. ఇక్కడి నుంచి మా తమ్ముడికి వాట్సాప్‌లో వివరాలు పంపితే, హాల్‌టికెట్ నంబరులో ఒక అంకె నేనే తప్పు కొట్టాను. పాపం వాడు కాజీపేట నుంచి మళ్ళీ పోవాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నా, నంబర్లు టైపు చేయకు, మెమో ఫొటో తీసి పంపు.

ఫార్మసీ కౌన్సిల్ నుంచి నీ రిజిస్ట్రేషన్ గురించిన ఉత్తరం కూడా అంతే, నేరుగా రావాలి. నాది 2014కి ముందు రిజిస్ట్రేషన్. సర్టిఫికెట్ మీద ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ అని ఉంది, నేనున్నది తెలంగాణ. ఎవరిని అడగాలో తేల్చుకోవడానికే నాకు నెల పట్టింది. నీది ఆ తర్వాతిదైతే ఈ బాధ లేదు.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్ళయ్యాక తీసుకున్న కాగితాల్లో అత్తగారి ఇంటిపేరు. మనకు ముగ్గురూ ఒకరే, వీళ్ళకు ముగ్గురు మనుషులు. అఫిడవిట్ ఇప్పుడే చేయించి పెట్టుకో. ఇంకో మాట, ముందుముందు పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వత నివాసానికి, ఫార్మసిస్టు వృత్తి చూపించి దరఖాస్తు చేస్తే, చదువు మదింపు కూడా పీఈబీసీ నుంచే ఉండాలి. మిగతా చదువులవాళ్ళు వెస్ అనే సంస్థ దగ్గర చేయించుకునే మదింపు రిపోర్టు అప్పుడు పనికిరాదు. డబ్బులు రెండుసార్లు పెట్టకు.

ఇక చదువు. ఇవాల్యుయేటింగ్‌లో సగానికి పైగా ఫార్మసీ ప్రాక్టీసు మీదే అడుగుతారు. మనమేమో స్టార్చి గింజల్ని మైక్రోస్కోపు కింద చూసి బొమ్మలు గీసి వచ్చినవాళ్ళం. అందుకే పుస్తకంతో పాటు కౌంటరు కూడా కావాలి. ఫార్మసీ అసిస్టెంటు ఉద్యోగానికి లైసెన్సు అక్కర్లేదు, రేపే వెతకడం మొదలుపెట్టు. టెక్నీషియన్ అనేది వేరు, దానికి మళ్ళీ లైసెన్సు ఉంటుంది, రెండూ కలిపేయకు. జీతం తక్కువే, మొహమాటం అక్కర్లేదు. నేను మొదటి నెలంతా ట్రేలో గోలీలు ఐదైదు చొప్పున లెక్కపెట్టి డబ్బాల్లో పోశాను. అక్కడ కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి ఇచ్చిన చేయి కదా, మొదట్లో తిక్కగా ఉండేది. పేర్లు కూడా కొత్తవి. పారాసెటమాల్ అంటే ఒకరిద్దరు నా మొహం చూశారు, ఇక్కడ అది అసిటమినోఫెన్.

మనవాళ్ళు తడబడేది ఎక్కువగా ఓస్కీలో. ఒక్కో గదిలో ఏడేసి నిమిషాలు, ఎదురుగా పేషెంటులా నటించే మనిషి ఉంటాడు. పరీక్షలో ఏమొచ్చిందో చెప్పకూడదని సంతకం పెట్టాను కాబట్టి మా ప్రాక్టీసులో జరిగింది చెప్తా. స్నేహితురాలు ముసలాయన వేషం వేసింది, మోకాలి నొప్పి, ఐబుప్రోఫెన్ ఇమ్మంది. నేను మొదలుపెట్టాను. తిన్నాక వేసుకోవాలి, రోజుకు ఇన్ని దాటొద్దు, అది నొప్పిని ఎట్లా తగ్గిస్తుంది, అన్నీ చెప్పాను. చాలా బాగా చెప్పాననుకున్నా. ఆమె జేబులోంచి చీటీ తీసి నా ముందు పెట్టింది. వార్ఫరిన్. రక్తం పల్చబడే మందు వాడుతున్న మనిషికి ఐబుప్రోఫెన్ ఇస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని నాకు తెలియదా? బీఫార్మసీ మూడో ఏడు నుంచీ తెలుసు. ఇంకేం మందులు వాడుతున్నారని మాత్రం అడగలేదు.

అక్కడి అలవాటు అది. ఒకరి భుజం మీది నుంచి ఇంకొకరు చీటీ చాపుతుంటే, కవరు మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని గీసి పంపేస్తాం. ఇంకేం వాడుతున్నావు పెద్దాయనా అని అడిగే తీరిక ఎక్కడిది? ఇక్కడ ఆ అడగడానికే మార్కులు, తర్వాత జీతం కూడా దానికే. ఒంటారియోలో 2023 జనవరి నుంచి కళ్ళకలక, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటి కొన్ని చిన్న జబ్బులకు మనమే మందు రాయొచ్చు. ఎప్పుడు రాయకుండా డాక్టరు దగ్గరికి పంపాలో అడిగితేనే కదా తెలిసేది.

నేను ఓస్కీ మొదటిసారి తప్పాను. మొత్తం మూడేళ్ళు పట్టింది, మధ్యలో ఒక కాన్పు కూడా.

డాలస్ నుంచి:

అక్క చెప్పింది కెనడా సంగతి. అమెరికా ఆలోచన కూడా ఉంటే ముందే తెలుసుకోమ్మా, 2003 జనవరి 1 తర్వాత పాసైనవాళ్ళకు ఇక్కడ ఐదేళ్ళ ఫార్మసీ డిగ్రీ అడుగుతారు. మన నాలుగేళ్ళ బీఫార్మసీ చాలదు, ఎంఫార్మసీ కలిపినా ఆ లోటు తీరదు. ఇండియాలో 2008లో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డీ చేసినవాళ్ళకు దారి ఉంది. నేను ఇది తెలియకుండానే వచ్చి, ఇప్పుడు మందుల కంపెనీలో క్వాలిటీలో ఉన్నాను. అదీ బానే ఉందనుకోండి.

దుబాయ్ నుంచి:

మాది జగిత్యాల. ఇక్కడ లైసెన్సు మీద ఆరేళ్ళు చేశాను. కెనడా పోతే ఆ అనుభవానికి పరీక్షలేమన్నా తగ్గుతాయా అక్కా?

మిసిసాగా నుంచి:

తగ్గవు తమ్ముడూ. కానీ కౌంటరు మీద మాట్లాడిన అలవాటు ఓస్కీలో పనికొస్తుంది, ఆ లెక్కన నువ్వు నాకంటే నయం. అక్కడి లైసెన్సు ఉత్తరం కూడా అడుగుతారు, ఉద్యోగం మానకముందే తీసుకో.

బ్రాంప్టన్ నుంచి:

చాలా థాంక్స్ అక్కా. రాత్రే మా అన్నకు మెమోల ఫొటోలు పంపాను, సోమవారం యూనివర్సిటీకి పోతానన్నాడు. మా ఇంటి దగ్గర ఫార్మసీలో అసిస్టెంటు కావాలని బోర్డు ఉంది, రెజ్యూమెలో ఎంఫార్మసీ రాయాలా వద్దా?

మిసిసాగా నుంచి:

రాయి, కానీ పైన మెడికల్ షాపులో నాలుగేళ్ళు అని రాయి. వాళ్ళకు కావాల్సింది అదే. ఆదివారం మేం ముగ్గురం లైబ్రరీలో ప్రాక్టీసుకు కూర్చుంటాం, నువ్వూ రా. ఈసారి ముసలాయన వేషం నాది.