టెక్సస్‌లోని స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్: 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ చూసి యూనివర్సిటీ ఎంచుకోవచ్చా?

ఓరుగల్లు_ఈసీఈ అడిగిన ప్రశ్న

అన్నలకి, అక్కలకి నమస్తే. జేఎన్‌టీయూహెచ్‌లో బీటెక్ ఈసీఈ పూర్తయింది. ఫాల్‌కి (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌లో టెక్సస్‌లోని రెండు స్టేట్ యూనివర్సిటీల నుంచి అడ్మిట్ వచ్చింది. మొదటిదాని లెటర్లో ఏడాదికి 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ అని ఉంది, దాని కింద "నాన్‌రెసిడెంట్ ట్యూషన్ వేవర్‌కి అర్హులు" (బయటివాళ్లకి వేసే ఎక్కువ ట్యూషన్ నుంచి మినహాయింపు) అని ఒక లైను. రెండోది ర్యాంకింగ్‌లో పైన ఉంది, కానీ స్కాలర్‌షిప్ ఏమీ లేదు. "వెయ్యి డాలర్ల కోసం మంచి యూనివర్సిటీ వదులుకుంటావా, అక్కడికి వెళ్లాక ఆర్ఏనో (రీసెర్చ్ అసిస్టెంట్) టీఏనో (టీచింగ్ అసిస్టెంట్) దొరికితే ఫీజు మాఫీ అవుతుంది కదా" అంటున్నారు నాన్న. కన్సల్టెన్సీ వాళ్లదీ అదే మాట.

రెండు లెటర్లలోనూ నాలుగు లెవలింగ్ కోర్సులు (సీఎస్ బేసిక్స్ కోసం అదనంగా చేసేవి) చేయాలని రాశారు. వాటికి ఫీజు విడిగా కట్టాలా? ఐ-20కి (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) డబ్బు చూపించడానికి వరంగల్‌లో ఇల్లు, కొంచెం బంగారం ఉన్నాయి, సీఏ దగ్గర స్టేట్‌మెంట్ రాయించుకుంటే సరిపోతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లోన్‌స్టార్_తెలుగు

మీ లెటర్ మొత్తంలో ఎక్కువ విలువైనది ఆ వేవర్ లైనే. నాన్నగారికి ఇలా వివరించండి.

టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ ట్యూషన్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి రాష్ట్ర చట్టం నిర్ణయించే స్టాట్యుటరీ ట్యూషన్. రెండోది యూనివర్సిటీ బోర్డు నిర్ణయించే డెజిగ్నేటెడ్ ట్యూషన్. ఈ రెండో దాని మీద ఉన్న పరిమితిని 2003లో శాసనసభ ఎత్తేసింది, అందుకే యూనివర్సిటీని బట్టి రేటు మారుతుంది. వీటికి తోడు లైబ్రరీ, టెక్నాలజీ, స్టూడెంట్ సర్వీస్ లాంటి ఫీజులు. టెక్సస్ వాసులకి స్టాట్యుటరీ ట్యూషన్ క్రెడిట్‌కి 50 డాలర్లు. బయటివాళ్లకి లెక్క వేరే: టెక్సస్ కాకుండా జనాభాలో పెద్దవైన ఐదు రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలు బయటి విద్యార్థుల దగ్గర ఎంత తీసుకుంటున్నాయో దాని సగటు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటివి ఆ సగటులో ఉంటే రేటు ఎలా ఉంటుందో ఊహించండి. క్రెడిట్‌కి వందల డాలర్ల తేడా వస్తుంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు డాలస్‌లో ఎన్నాళ్లున్నా మామూలుగా బయటివాళ్ల కిందే లెక్క.

ఇక్కడే ఆ స్కాలర్‌షిప్ పనికొస్తుంది. టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ 54.213 ప్రకారం, యూనివర్సిటీ ఇచ్చే పోటీ స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లది వస్తే ఆ విద్యార్థి దగ్గర టెక్సస్ వాసుల రేటే తీసుకోవచ్చు. ఏ దేశం వాళ్లకైనా వర్తిస్తుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి తేడా క్రెడిట్‌కి 400 డాలర్లు అనుకుందాం. 33 క్రెడిట్ల డిగ్రీకి అది 13,200 డాలర్లు. నాన్నగారు 1,000 దగ్గర ఆగిపోయారు, అసలు డబ్బు ఈ 13,200లో ఉంది. అసలు తేడా ఎంతో ఆ యూనివర్సిటీ ట్యూషన్ టేబుల్లో రెసిడెంట్, నాన్‌రెసిడెంట్ వరుసలు పక్కపక్కన పెట్టి మీరే వేసుకోండి.

అయితే "అర్హులు" అన్న మాట చూసి వేవర్ వచ్చేసినట్టే అనుకోకండి. చట్టంలో షరతులున్నాయి. స్కాలర్‌షిప్‌కి టెక్సస్ విద్యార్థులతో సహా అందరూ పోటీ పడి ఉండాలి, ఎంపిక యూనివర్సిటీ గుర్తించిన కమిటీ చేయాలి, ఇలా వేవర్ పొందేవాళ్ల సంఖ్య మొత్తం విద్యార్థుల్లో 5 శాతం దాటకూడదు. కాబట్టి గ్రాడ్యుయేట్ ఆఫీసుకి మెయిల్ రాసి అడగండి: వేవర్ ఖాయమైందా, మొదటి ఏడాదికేనా లేక డిగ్రీ అయ్యేదాకానా, రెండో ఏడాది కొనసాగాలంటే జీపీఏ ఎంత ఉండాలి, సెమిస్టర్‌కి కనీసం ఎన్ని క్రెడిట్లు తీసుకోవాలి, సమ్మర్ క్రెడిట్లకి వర్తిస్తుందా, వీసా ఆలస్యమై స్ప్రింగ్‌కి వాయిదా వేసుకుంటే ఉంటుందా పోతుందా. చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. వాయిదా వేసుకుంటే అడ్మిట్ నిలుస్తుంది కానీ స్కాలర్‌షిప్ చాలాచోట్ల నిలవదు. జవాబు రాతలోనే తీసుకోండి, ఫోన్లో విన్నదాన్ని నమ్ముకోవద్దు.

లెవలింగ్ కోర్సుల విషయం ఇంతకంటే ముఖ్యం. ఈసీఈ నుంచి సీఎస్‌కి వచ్చేవాళ్లకి డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి పెడతారు. ఇవి సాధారణంగా డిగ్రీ క్రెడిట్లలోకి రావు, ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. నాలుగు కోర్సులంటే 12 క్రెడిట్లు. 33 క్రెడిట్ల డిగ్రీ కాస్తా 45 అవుతుంది, ఇంకో సెమిస్టర్ అద్దె, ఇన్సూరెన్స్ కూడా కలుస్తాయి. బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్, ఓఎస్ ఎలక్టివ్‌గా చదివి ఉంటే ఆ రెగ్యులేషన్ సిలబస్ కాపీ, మార్కుల మెమోలు జతచేసి మినహాయింపు అడగండి. కొన్ని డిపార్ట్‌మెంట్లు ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతాయి, పాసైతే కోర్సు తీసేస్తారు. విమానం ఎక్కకముందే ఈ పని మొదలుపెట్టాలి. క్లాసులు మొదలయ్యాక అడ్వైజర్ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం.

ఇక ఆర్ఏ, టీఏ. టెక్సస్‌లో చదువుకి సంబంధించిన పనిలో సగం సమయం, అంటే వారానికి 20 గంటలు, ఆర్ఏ లేదా టీఏగా ఉంటే 54.212 కింద రెసిడెంట్ రేటు వస్తుంది. ఫీజు సున్నా అవుతుందని చట్టం చెప్పదు. మిగతాది కూడా ఎవరైనా కడితే అది డిపార్ట్‌మెంట్ ఇష్టం. పైగా ఆ పోస్టులు ముందు పీహెచ్‌డీ వాళ్లకి వెళ్తాయి. సీఎస్ ఎంఎస్‌లో ఎక్కువమందికి దొరికేది గంటల లెక్కన జీతం ఇచ్చే గ్రేడర్, లైబ్రరీ, డైనింగ్ ఉద్యోగాలు. టెక్సస్‌లో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే చేయాలి కాబట్టి ఆ రేటుకి 145 డాలర్లు. తిండికి, అద్దెలో మీ వాటాకి ఆసరా అవుతుంది, ట్యూషన్‌కి కాదు. వెళ్లాక ఆర్ఏ గ్యారంటీ అని ఎవరు చెప్పినా నమ్మి లోన్ లెక్క వేయకండి.

నా మటుకు నేనైతే వేవర్ డిగ్రీ పొడవునా ఖాయమైతే మొదటిదే తీసుకోమంటాను. రెండింటి మధ్య పదీ ఇరవై ర్యాంకుల తేడాకి అంత అప్పు అక్కర్లేదు. ఈ నియమం టెక్సస్‌దేనని మాత్రం గుర్తుంచుకోండి. ఒహాయోకో ఇల్లినాయీకో వెళ్లే స్నేహితులకి ఇదే లెక్క చెప్పకండి, ప్రతి రాష్ట్రానికీ దాని చట్టం ఉంటుంది. పేరు చూసి స్టేట్ యూనివర్సిటీ అనుకోవడం కూడా తప్పే: యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా ప్రైవేటు, రట్గర్స్ ప్రభుత్వానిది.

కొత్తపేట_అక్క

తమ్ముడూ, డబ్బు కాగితాల గురించి నేను చెబుతాను.

ఐ-20లో మొదటి ఏడాది ఖర్చు వేస్తారు: ట్యూషన్, ఫీజులు, ఉండటం, తిండి, ఇన్సూరెన్స్. ఆ మొత్తానికి సరిపడా చేతికి అందే డబ్బు చూపాలి. సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్ పనికొస్తాయి. ఇల్లు, పొలం, బంగారం, సీఏ రాసిచ్చే ఆస్తుల విలువ ఐ-20కి పనికిరావు. వీసా ఇంటర్వ్యూలో కుటుంబ స్థితి అడిగితే చెప్పుకోవడానికి మాత్రమే. ఖాతా నాన్నగారి పేరున ఉంటే ఆయన సంతకంతో అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ జతచేయాలి. బ్యాంకు లెటర్ ఇంగ్లీషులో, ఈమధ్య తేదీతో, పాస్‌పోర్టులోని స్పెల్లింగుతో ఉండాలి. "ఇన్-ప్రిన్సిపుల్" అని రాసి ఉన్న లోన్ లెటర్ని చాలా యూనివర్సిటీలు తిప్పి పంపుతాయి, పూర్తి శాంక్షన్ కావాలి.

వేవర్ సంగతి తేలకముందే ఐ-20 తీసుకుంటే అందులో పూర్తి నాన్‌రెసిడెంట్ ట్యూషన్ పడుతుంది, అంత డబ్బూ చూపాల్సి వస్తుంది. వేవర్ ఖాయమయ్యాక స్కాలర్‌షిప్, తగ్గిన ట్యూషన్ కనిపించేలా ఐ-20 ఇవ్వమనండి.

ఇల్లు తాకట్టు పెట్టి ప్రభుత్వ బ్యాంకులో లోన్ తీసుకుంటే వడ్డీ తక్కువ, సమయం ఎక్కువ. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ నడవాలి. ఇంటికి మున్సిపల్ అనుమతి ప్లాను లేకపోయినా, స్థలం అనుమతి లేని పంచాయతీ లేఅవుట్‌లో ఉన్నా లాయరు దగ్గరే ఆగిపోతుంది. వ్యవసాయ భూమిని మామూలుగా తీసుకోరు. అందుకే అడ్మిట్ వచ్చిన రోజే ఈసీకి పెట్టుకోవడం మంచిది. తాకట్టు లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీలు తొందరగా ఇస్తాయి కానీ వడ్డీ ఎక్కువ, చాలావాటికి చదువుతుండగానే నెలనెలా వడ్డీ కట్టాలి. డబ్బు పంపేటప్పుడు ఇంకో తేడా ఉంది: బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు, సొంత డబ్బు ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితే దాటిన దాని మీద పడుతుంది. అది పోయే డబ్బు కాదు, ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది.

కమీషన్ తీసుకుని నెల రోజులు ఖాతాలో డబ్బు ఉంచుతాం అనే ఏజెంట్ల జోలికి పోవద్దు. తప్పుడు కాగితమని తేలితే ఆ ఒక్క వీసా పోవడంతో ఆగదు, అమెరికాలోకి శాశ్వత నిషేధం పడవచ్చు.

రెండు ఐ-20లు వస్తే రెండింటికీ సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) నంబర్లు వేరు. ఆ సెవిస్‌కి కట్టే ఐ-901 ఫీజు 350 డాలర్లు, వెళ్లాలనుకున్న దానికే కట్టు. వీసా ఫీజు 185 డాలర్లు విడిగా. డీఎస్-160లో (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు) రాసేది, ఇంటర్వ్యూకి తీసుకెళ్లేది, మొదటిసారి దేశంలోకి అడుగుపెట్టేటప్పుడు చూపేది మూడూ అదే ఐ-20 అయ్యుండాలి. డీఎస్-160లో గత ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసావాళ్లని ఆ ఖాతాలు పబ్లిక్‌లో ఉంచమంటున్నారు.

ఓరుగల్లు_ఈసీఈ

చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. మెయిల్ ఇప్పుడే పెట్టాను. ఇంకో రెండు: వెళ్లాక ఒక లెవలింగ్ కోర్సు మానుకుంటే ఫీజు వెనక్కి వస్తుందా? తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధికి (విదేశీ చదువుకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం) స్టేట్ యూనివర్సిటీ పనికొస్తుందా?

కృష్ణాతీరం

ఫీజు వెనక్కి రావడం తేదీని బట్టి ఉంటుంది. ఫాల్, స్ప్రింగ్‌లలో 12వ క్లాసు రోజు, అంటే సెమిస్టర్లో క్లాసులు జరిగే 12వ రోజు, లెక్కకి కీలకం. మిగతా కోర్సులు ఉంచుకుని ఒకటి తీసేస్తే ఆ రోజులోపు దాని డబ్బు వెనక్కి వస్తుంది, తర్వాత రాదు. మొత్తం సెమిస్టరే మానేస్తే వేరే పట్టిక: మొదటి ఐదు క్లాసు రోజుల్లో 80 శాతం, తర్వాతి ఐదులో 70, ఆ తర్వాత 50, నాలుగో ఐదులో 25, ఆపైన ఏమీ రాదు.

కానీ డబ్బు కంటే ముందు క్రెడిట్లు చూసుకోండి. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫుల్‌టైమ్ అంటే సాధారణంగా 9 క్రెడిట్లు. అందులో ఆన్‌లైన్ కోర్సు 3 క్రెడిట్ల వరకే లెక్కలోకి వస్తుంది. ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి లేకుండా 9 కిందకి దిగితే సెవిస్ రికార్డు రద్దవుతుంది, వేవర్ కూడా పోవచ్చు. తొలి సెమిస్టర్లో లెవలింగ్ రెండు, అసలు కోర్సు ఒకటి పెట్టుకుంటే భారం మోయగలరు. జీపీఏ 3.0 నిలబడాలి మరి.

వెళ్లేముందు ఆరోగ్య కాగితాలు కూడా. సెమిస్టర్ మొదటి రోజుకి 22 ఏళ్లు నిండకపోతే మెనింజైటిస్ టీకా టెక్సస్ చట్టం ప్రకారం తప్పనిసరి, అదీ క్లాసులు మొదలయ్యే 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడుతుంది, ఈలోగా మీకు కావాల్సిన సెక్షన్లు నిండిపోతాయి. టీబీకి చర్మం మీద చేసే పరీక్ష వద్దు, చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల అది పాజిటివ్ చూపించవచ్చు. క్వాంటిఫెరాన్ రక్త పరీక్ష చేయించుకోండి, హైదరాబాద్ ల్యాబుల్లో దొరుకుతుంది. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) సిస్టమ్ యూనివర్సిటీ అయితే హెల్త్ ఇన్సూరెన్స్ సెమిస్టర్ బిల్లులోనే వేసేస్తారు. బయట వేరే పాలసీ కొనేముందు దాన్ని వాళ్లు ఒప్పుకుంటారో లేదో అడగండి, లేకపోతే రెండూ కట్టాల్సి వస్తుంది.

విద్యానిధికి అమెరికాలో గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో పీజీ పనికొస్తుంది. ఎస్సీ, ఎస్టీలకి అంబేడ్కర్ పేరుతో, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫులే పేరుతో, మైనారిటీలకి సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పేరుతో ఉన్నాయి. సాయం 20 లక్షల రూపాయల వరకు, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు మించకూడదు. దరఖాస్తు తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌లో. డిగ్రీలో 60 శాతం మార్కులు, జీఆర్ఈ, ఇంగ్లీషు పరీక్ష స్కోర్లు చూస్తారు. జీఆర్ఈ అక్కర్లేదని యూనివర్సిటీ అన్నా ఇక్కడ స్కోరు అవసరం పడవచ్చు, అందుకని నోటిఫికేషన్ చదివాకే పరీక్ష రాయాలో వద్దో తేల్చుకోండి. డబ్బు రెండు విడతల్లో వస్తుంది: మొదటిది మీరు అక్కడ దిగి ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే రికార్డు) పంపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితం చూపాక. అంటే టికెట్టు, మొదటి సెమిస్టర్ ఫీజు, ఇంటి అడ్వాన్సు వరకు లోన్ నుంచో సొంతంగానో చేతిలో ఉండాలి. ఫీజు ఒకేసారి కట్టలేకపోతే యూనివర్సిటీ ఇన్‌స్టాల్‌మెంట్ ప్లాన్‌లో చేరండి, కానీ దాని మొదటి వాయిదా కూడా గడువు రోజుకే కట్టాలి, లేదంటే తీసుకున్న క్లాసులు రద్దు చేసేస్తారు.