కుక్కకు పండ్ల బిస్కెట్లు ఇంట్లోనే: విశాఖ గాలికి మెత్తబడకుండా బేక్ చేయడం ఎలా?

సాగరతీరవాసి (ఎం.వి.పి. కాలనీ), ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగేళ్ళ నాటు కుక్క ఉంది. ఆడది, బరువు పది కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. దానికి పండ్లంటే ప్రాణం. వంటింట్లో మామిడిపండు కోస్తున్నామంటే చాలు, గడప దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. దుకాణంలో అమ్మే పండ్ల రుచుల బిస్కెట్ల ప్యాకెట్ వెనక చదివితే పండు పేరు కంటే ముందు చక్కెర, రంగులు, రుచి కోసం కలిపే ద్రవ్యాలు కనిపిస్తున్నాయి కాబట్టి, ఇంట్లో ఉన్న చిన్న ఓటీజీలోనే (కరెంటు ఓవెన్) చేసి పెడుతున్నాను. గోధుమపిండిలో అరటిపండు గుజ్జు కలిపి ఒత్తి బేక్ చేస్తే వాసన బాగుంటోంది, కుక్క కూడా ఇష్టంగా తింటోంది. అయితే దించినప్పుడు కరకరలాడే బిస్కెట్లు మర్నాటికే మెత్తబడుతున్నాయి, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో బూజు వాసన మొదలవుతోంది.

నా సందేహాలు ఇవి. ఈ సముద్రపు గాలిలో నిలవ ఉండాలంటే పిండి కలపడంలోనూ, బేక్ చేయడంలోనూ ఏం మార్చుకోవాలి? అరటి, మామిడి కాక ఇంకే పండ్లు వాడవచ్చు, ఏవి అసలు దగ్గరకు రానీయకూడదు? రుచి కోసం కేకుల్లో వేసే మామిడి, అనాస ఎసెన్సులు కొన్ని చుక్కలు వేస్తే తప్పా? రోజుకు ఎన్ని పెట్టవచ్చు? పండ్లలో తీపి ఉంటుంది కాబట్టి కుక్కకు మధుమేహం వస్తుందని మా పక్కింటివారు గట్టిగా చెబుతున్నారు, అందుకే చివరి ప్రశ్న అడుగుతున్నాను.

ఓటీజీ వంటిల్లు (సీతమ్మధార), సమాధానం:

మీ బిస్కెట్లు చెడిపోవడానికి గాలి ఒక కారణమే గానీ, అసలు కారణం పండులోని నీరు. అరటిపండులో దాదాపు ముప్పాతిక వంతు నీరే ఉంటుంది, మామిడిలో నూటికి 83 పాళ్ళు, యాపిల్‌లో 86, బొప్పాయిలో 88, పుచ్చకాయలో 91 పైచిలుకు. గుజ్జును పచ్చిగానే పిండిలో కలిపితే ఆ నీరంతా బిస్కెట్ నడిమధ్యకు చేరుతుంది. పైన ఎర్రగా కాలి పెళుసుబారినా లోపల తడి మిగిలిపోతుంది, చల్లారాక ఆ తడి మెల్లగా పైకి పాకి మొత్తాన్ని మెత్తబరుస్తుంది. పైగా పండు చక్కెర గాలిలోని తేమను లాక్కుంటుంది. అందువల్ల మన ఊళ్ళో పండు బిస్కెట్ చేయడమంటే ముందు పండును ఆరబెట్టడమే.

నేను చేసే పద్ధతి ఇది. సువర్ణరేఖ గానీ బంగినపల్లి గానీ బాగా పండిన కాయలు తీసుకుని, తొక్క, టెంక, పీచు లేకుండా 300 గ్రాముల గుజ్జు తీయాలి. దాన్ని మందపాటి మూకుడులో, నూనె, నెయ్యి ఏమీ వేయకుండా, సన్నని మంట మీద కలుపుతూ దగ్గర పడనివ్వాలి. గరిటెతో మూకుడు అడుగున ఒక గీత గీస్తే మొదట్లో గుజ్జు వెంటనే కలిసిపోతుంది. గీత అలాగే నిలిచి అడుగు కనబడుతూ, గుజ్జు రెండు పక్కలా బద్ధకంగా జరుగుతున్నప్పుడు దించేయాలి. అప్పటికి 120 గ్రాములు మిగులుతుంది. చల్లారాక 150 గ్రాముల గోధుమపిండి, 100 గ్రాముల చోడిపిండి (రాగిపిండి), ఒక కోడిగుడ్డు కలిపి పూరీల పిండిలా గట్టిగా తడపాలి. చోడిపిండికి సాగే గుణం లేదు కాబట్టి అదొక్కటే వాడితే ఒత్తేటప్పుడు అంచులు చిట్లుతాయి. గోధుమపిండి, గుడ్డు కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. ఉప్పు, చక్కెర, బెల్లం, బేకింగ్ పౌడర్, ఈస్ట్ ఏవీ అక్కరలేదు. ఈస్ట్ కలిపిన పచ్చి పిండి ముద్ద పొరపాటున కుక్క మింగితే కడుపులో పొంగి, ఆల్కహాల్ కూడా తయారై ప్రాణం మీదికి వస్తుంది, కనుక ఈస్ట్‌ను ఈ పనికి పూర్తిగా దూరం పెట్టడం మంచిది.

పిండిని అర సెంటీమీటరు మందాన ఒత్తి, అంగుళంన్నర లోపు చదరపు బిళ్ళలుగా కోస్తే దాదాపు 60 వస్తాయి. మందం ఎక్కడైనా ఎక్కువైతే అక్కడే తడి నిలుస్తుంది కాబట్టి ఫోర్కుతో ప్రతి బిళ్ళకూ గుచ్చండి. ముందుగా వేడెక్కిన ఓటీజీలో 160 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు ఉంచి, తిరగేసి, వేడిని 100 డిగ్రీలకు తగ్గించి మరో గంట ఆరనివ్వాలి. తర్వాత స్విచ్ ఆపి, తలుపు కొద్దిగా తెరిచి, పూర్తిగా చల్లారేదాకా అందులోనే వదిలేయండి. మీరు చేయకుండా వదిలేస్తున్నది ఈ రెండో దశే అని నా అనుమానం. ఒకటి విరిచి చూడండి: టక్కున విరిగి, మధ్యలో ముదురు రంగు చార లేకుండా ఒకే రంగుగా కనబడాలి. చార ఉంటే ఇంకో అరగంట 100 డిగ్రీలలో ఉంచాలి, అంతేగాని వేడి పెంచకూడదు, మాడిపోతాయి.

వెచ్చగా ఉండగానే డబ్బాలో మూత పెడితే మూత కింద చెమ్మ పట్టి శ్రమంతా వృథా అవుతుంది. రబ్బరు వలయం ఉన్న గాజు సీసాలో, ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఢోకా ఉండదు. వానాకాలంలో మాత్రం వారానికి సరిపడా ఫ్రిజ్‌లో ఉంచుకుని, మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టండి. సీసాలోకి తేమ పీల్చే సిలికా పొట్లాలు వేయవద్దు. సీసా కిందపడితే కుక్క బిస్కెట్‌ను, పొట్లాన్ని వేరుచేసి చూడదు.

విశ్రాంత పశువైద్య ఉద్యోగి (గోపాలపట్నం), సమాధానం:

పై సమాధానంలో తయారీ పద్ధతి బాగుంది. నేను ఏ పండు, ఎంత అన్నదాని గురించి రాస్తాను.

అన్నిటికన్నా ముందు ద్రాక్ష, కిస్మిస్. ఇవి కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమన్న కచ్చితమైన హద్దు లేదు. ఒక కుక్క గుప్పెడు తిని తట్టుకుంటుంది, మరొకటి నాలుగు పండ్లకే మంచాన పడుతుంది. తిన్న కొన్ని గంటల్లో వాంతులు, తర్వాత నీరసం, తిండి మానేయడం, రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోవడం దీని వరుస. కారణం చాలాకాలం అంతుబట్టలేదు. 2021లో అమెరికాలోని జంతు విష నియంత్రణ కేంద్రానికి చెందిన పశువైద్యులు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దోషి కావచ్చని సూచించారు. ఆ ఆలోచన రావడానికి దారితీసింది ద్రాక్ష కాదు. పిల్లలు ఆడుకునే పిండి ముద్దలో కలిపిన క్రీమ్ ఆఫ్ టార్టార్ (టార్టారిక్ ఆమ్లపు లవణం, బేకింగ్‌లో వాడే పొడి) తిన్న కుక్కలో అవే లక్షణాలు కనిపించడం.

ఇది మన ఇళ్ళకు ఎందుకు ముఖ్యమంటే, టార్టారిక్ ఆమ్లం దండిగా ఉన్న మరో పండు చింతపండు. మిగిలిన పులిహోర కుక్కకు పెట్టే అలవాటు మన వైపు చాలా ఇళ్ళలో ఉంది, దాన్ని మానుకోవలసిందే. పుల్లటి రుచి కోసం బిస్కెట్లలో చింతపండు గుజ్జు వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఇక్కడితో విరమించుకోండి. విదేశీ వంటల వీడియోల్లో చెప్పే క్రీమ్ ఆఫ్ టార్టార్‌కూ ఇదే వర్తిస్తుంది.

యాపిల్ కండ మంచిదే, గింజలు మాత్రం తీసేయాలి, వాటిని నమిలితే సయనైడ్ పుడుతుంది. ఏజెన్సీ నుంచి వచ్చే సీతాఫలాలు ఈ పనికి వద్దనే నా అభిప్రాయం. గింజలు విషపూరితం, ఒక్కొక్కటీ ఏరి గుజ్జు తీసే ఓపిక ఎవరికీ ఉండదు, ఒకటి మిగిలినా చిక్కే. అరటి, జామ, గింజలు తీసిన బొప్పాయి, మధ్యలోని గట్టి భాగం తీసిన అనాస కొద్దిగా వాడవచ్చు. మామిడి టెంకను మాత్రం ఆడుకోవడానికి కూడా ఇవ్వకండి, పేగులో అడ్డుపడితే శస్త్రచికిత్స తప్పదు. అవకాడో వద్దు. బేకింగ్‌లో సువాసన కోసం జాజికాయ వేసే అలవాటుంటే అది కూడా కుక్కకు విషమే.

ఎసెన్సుల విషయానికి వస్తే, ఆ సీసాల్లో వాసన ద్రవ్యాన్ని కరిగించడానికి ఆల్కహాల్ గానీ ప్రొపిలీన్ గ్లైకాల్ గానీ వాడతారు. రెండు చుక్కలకే ఏదో అయిపోతుందని కాదు, అసలు అవసరమేమిటన్నదే నా ప్రశ్న. మనిషి నాలుక మీద దాదాపు 9,000 రుచి మొగ్గలుంటే కుక్కకు 1,700 మాత్రమే. అది ముక్కుతో తింటుంది. దగ్గరపరచిన గుజ్జు వాసనే దానికి ఎక్కువ. చక్కెర బదులు 'షుగర్ ఫ్రీ' పదార్థాలు వాడేవారు లేబుల్‌లో జైలిటాల్ ఉందేమో తప్పక చూడాలి. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని కూడా పాడుచేస్తుంది. కొన్ని రకాల వేరుశనగ వెన్నలో కూడా జైలిటాల్ ఉంటుంది.

ఇక లెక్క. పది కిలోల కుక్క విశ్రాంతిగా ఉన్నా రోజుకు 394 కెలొరీలు కావాలి. ఆపరేషన్ అయి, మామూలుగా తిరుగుతున్న పెద్ద కుక్కకు దానికి 1.6 రెట్లు, అంటే 630. చిరుతిండి ఇందులో పదో వంతు మించకూడదన్నది మా వృత్తిలో అందరూ పాటించే నియమం, అంటే 63. పైన చెప్పిన పాళ్ళలో మొత్తం పిండి ముద్దకు 1,100 కెలొరీల దాకా ఉంటాయి, 60 బిళ్ళలు చేస్తే ఒక్కోటి 18. కాబట్టి రోజుకు మూడు. మూడు పెట్టిన రోజున ఆ మేరకు అన్నం తగ్గించాలి. అసలు పొరపాటు అక్కడే జరుగుతుంది, బిస్కెట్లూ ఆగవు, అన్నమూ తగ్గదు. మీ పక్కింటివారి మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది: ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఇంత పండు వల్ల మధుమేహం రాదు, కానీ ఒళ్ళు పెరిగితే సమస్యలన్నీ వరుస కడతాయి. ఇప్పటికే మధుమేహం, క్లోమ వాపు, గోధుమ పడకపోవడం ఉన్న కుక్కకైతే మీ పశువైద్యుణ్ణి అడగకుండా ఇవి పెట్టవద్దు.

బూజు వాసన వచ్చినవి గీకి పెట్టడం, వీధి కుక్కలకు వేయడం రెండూ వద్దు. కొన్ని రకాల బూజు విషాలు కుక్కల్లో తీవ్రమైన వణుకు, మూర్ఛలు తెప్పిస్తాయి, వీధి కుక్క శరీరం కూడా అలాంటిదే కదా.

ఉదయపు నడక (లాసన్స్ బే కాలనీ), సమాధానం:

నాదొక భిన్నాభిప్రాయం. గంటన్నర సేపు ఓటీజీ నడిపి పండును ఎండగట్టడం కంటే, పండునే పండులా పెట్టడం తేలిక కాదా? పుచ్చకాయ ముక్కలు గింజలు తీసి ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే మే నెల ఎండలో మా కుక్క వాటి కోసం ఫ్రిజ్ ముందే పడుకుంటుంది. వంద గ్రాములకు 30 కెలొరీలు మాత్రమే. వేడిలో విటమిన్ సి కూడా పోతుంది. రైతు బజారులో వాలిపోయిన కాయలు చవగ్గా దొరికినప్పుడు బిస్కెట్ చేసుకోవచ్చు గానీ, దానికోసమే మంచి బంగినపల్లి కొని మూకుడులో పడేయడం నా మనసుకు ఒప్పదు.

ఓటీజీ వంటిల్లు (సీతమ్మధార):

మామిడి విషయంలో మీ బాధ న్యాయమే, నేనూ మచ్చ పడిన కాయలే వాడతాను. విటమిన్ సి గురించి మాత్రం బెంగ అక్కరలేదు. కుక్క శరీరం దాన్ని కాలేయంలో తానే తయారు చేసుకుంటుంది. ఇంట్లో ఉన్నప్పుడు పుచ్చకాయ ముక్కకు మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ బీచ్ రోడ్డులో ఉదయం నడిచేటప్పుడు, పిలవగానే వెనక్కి రావడం నేర్పేటప్పుడు, జేబులో పెట్టుకోవడానికి కారని, అంటుకోని వస్తువు కావాలి. అక్కడ ఒక్కో బిస్కెట్‌ను నాలుగు ముక్కలు చేస్తే రోజుకు మూడంటే పన్నెండు సార్లు మెచ్చుకోవచ్చు.

సాగరతీరవాసి:

అందరికీ ధన్యవాదాలు. నేను తిరగేసి మళ్ళీ ఆరబెట్టడం లేదు, నేరుగా దించేస్తున్నాను, కాబట్టి ఈ వారం ఆ పద్ధతిలో చేసి చూస్తాను. ఇంకొక చిన్న ప్రశ్న: మామిడి కాలం అయిపోయాక గుజ్జుకు బదులు భీమాళి మామిడి తాండ్ర నానబెట్టి కలపవచ్చా? ఎలాగూ ఎండినదే కదా, మూకుడు పని తప్పుతుంది.

విశ్రాంత పశువైద్య ఉద్యోగి (గోపాలపట్నం):

తాండ్ర వద్దండి. గుజ్జుకు చక్కెర గానీ బెల్లం గానీ కలిపి పొరలు పొరలుగా ఆరబోస్తారు కాబట్టి, మీరు ప్యాకెట్ బిస్కెట్ ఎందుకు మానేశారో అదే మళ్ళీ వచ్చి చేరుతుంది. ఏమీ కలపకుండా ఇంట్లో మీరే ఆరబెట్టిన తాండ్ర అయితే నాకు అభ్యంతరం లేదు.

ఓటీజీ వంటిల్లు (సీతమ్మధార):

దానికన్నా, కాలంలోనే గుజ్జును దగ్గరపరచి, 120 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఒక డబ్బా ముందు రాత్రి కిందికి దించి ఉంచితే మర్నాటి ఉదయానికి పిండి తడపడానికి సిద్ధంగా ఉంటుంది. గుజ్జు చుట్టూ నీరు చేరితే వంపేయకుండా మూకుడులో రెండు నిమిషాలు తిప్పండి, వాసనంతా ఆ నీటిలోనే ఉంటుంది.