ఆదివారం పొద్దున్న వంటింట్లో కేకలు, ఆపైన బల్లకు దూరం: తల్లులకు ఏం చెప్పాలి?

కూడిక బాధ్యురాలు:
అందరికీ వందనాలు. మా స్త్రీల కూడికలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది. నెలలో మొదటి ఆదివారం బల్ల (యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఉంటుంది, ఆరాధన తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. ఆలోపే టిఫిను, కోడి కూర, అన్నం, పిల్లల స్నానాలు, తెల్ల చీర ఇస్త్రీ అన్నీ అవ్వాలి. ఈ హడావిడిలో కూర అడుగంటుతుంది. ఆ కోపం పిల్లాడి మీదకి పోతుంది, ఒక్కోసారి దెబ్బ కూడా పడుతుంది. "ఇదే చేత్తో రొట్టె ఎలా తీసుకోను?" అని బల్ల దగ్గరికి రాకుండా వెనకే కూర్చుండిపోతున్నారు. "దేవుడు క్షమించాడని తెలుసు సిస్టర్, నన్ను నేనే క్షమించుకోలేకపోతున్నా" అంటున్నారు.

వీళ్ళకి వాక్యంలోంచి ఏం చెప్పాలి? అలాగే ఆరుగురున్న ఇంట్లో ఆదివారం వంట ఎలా సర్దుకోవాలి? ప్రార్థన చేసుకోమని చెప్పి పంపేస్తే సరిపోదు. వచ్చే ఆదివారం మళ్ళీ అదే స్టవ్వు ముందు నిలబడాలి కదా.

బైబిలు బోధకురాలు:
వందనాలు సిస్టర్. ముందు 1 కొరింథీ 11ని 20వ వచనం నుంచి చదివించండి. చాలామంది 27వ వచనంలో "అయోగ్యముగా" అన్న మాట దగ్గరే ఆగి భయపడిపోతారు. అక్కడ ఆ పత్రిక రాసిన పౌలు గద్దించింది ఎవరిని? 21, 22 చూస్తే తెలుస్తుంది. ఉన్నవాళ్ళు ముందే తినేస్తున్నారు, లేనివాళ్ళు ఆకలితో ఉండిపోతున్నారు. ఒకరినొకరు లెక్కచేయకుండా తిన్న తీరు గురించి ఆ మాట. 28లో తనను తాను పరీక్షించుకోమన్నాడు, ఆ వెంటనే తినమన్నాడు. పరీక్షించుకుని వెనక్కి పొమ్మనలేదు. ఏడుస్తూ వెనక కూర్చున్న తల్లి ఆ వచనంలో మొదటి సగం చేసి రెండో సగం వదిలేస్తోంది.

అలాగని పిల్లాడి సంగతి పక్కన పెట్టకూడదు. మత్తయి 5:23-24 ప్రకారం ముందు సమాధానపడాలి. అది చర్చికి బయల్దేరే ముందు గుమ్మంలోనే ఒక్క నిమిషంలో అయిపోతుంది. కిందికి వంగి, వాడి కళ్ళలోకి చూస్తూ చెప్పాలి: "నాన్నా, ఇందాక నీ మీద అరిచాను. అది నా తప్పు. కూర మాడడానికి నువ్వు కారణం కాదు." అంతే, అక్కడితో ఆపేయాలి. "కానీ నువ్వు కూడా చెప్పిన మాట వినలేదుగా" అని కలిపితే అది మళ్ళీ నింద అవుతుంది. బూట్లు వేసుకోకపోతే ఆ సంగతి విడిగా, ఇంకో పూట చెప్పుకోవచ్చు.

ఇక "నన్ను నేను క్షమించుకోలేను" అనే మాట. బైబిల్లో మనల్ని మనం క్షమించుకోవాలన్న ఆజ్ఞ ఎక్కడా లేదు, ఆ బరువు దేవుడు మన నెత్తిన పెట్టలేదు. 1 కొరింథీ 4:3-4లో పౌలు తన మీద తానే తీర్పు చెప్పుకోనంటాడు, విమర్శించేవాడు ప్రభువే అంటాడు. 1 యోహాను 3:20 ఇంకా సూటిగా చెబుతుంది: మన హృదయం మన మీద దోషం మోపినప్పుడు దేవుడు ఆ హృదయం కంటే గొప్పవాడు. కాబట్టి ఆ తల్లిని "నువ్వు నిన్ను క్షమించుకున్నావా?" అని అడగొద్దు. "ఆయన ఇచ్చిన తీర్పు ఒప్పుకుంటావా?" అని అడగండి.

ఇంకొకటి గమనించండి. ఆ రోజు మధ్యాహ్నం కొందరు తల్లులు అందరికీ వడ్డించి, మాడిన అడుగు గోక్కుని తమ కంచంలో వేసుకుంటారు. కొందరు అసలు తినరు, అడిగితే ఉపవాసం అంటారు. అది ఉపవాసం కాదు, తమకు తాము వేసుకున్న శిక్ష. లూకా 15లో ఆస్తి పాడుచేసుకుని తిరిగొచ్చిన చిన్న కొడుకు కూడా కూలివాడిగా పెట్టుకోమని అడగాలనుకునే వచ్చాడు. తండ్రి ఆ మాట నోటికి రాకముందే విందుకి పురమాయించాడు. ఆ తల్లి కంచంలో కూడా మంచి ముక్క పడేలా చూడమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి.

వంట నేర్పే అక్క:
వాక్యం గురించి అక్క చెప్పేశారు, నేను వంట చెబుతాను. అసలు చిక్కు ఎక్కడంటే, అన్నీ చర్చికి ముందే వండేయాలనుకోవడం. పొద్దున్న ఏడున్నరకి వండిన కోడి కూర ఒంటిగంట దాకా బయటే ఉంటే వేసవిలో పాడవుతుంది. వండిన మాంసం బయట రెండు గంటలు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే. అన్నమూ అంతే. గోరువెచ్చగా గంటలకొద్దీ ఉన్న అన్నంలో తయారైన విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకని సిద్ధం చేసుకోవడం శనివారం రాత్రి, వండడం ఆదివారం వచ్చాక.

ఆరుగురికి కిలో బ్రాయిలర్ కోడి. శనివారం రాత్రి చిక్కటి పెరుగు 100 గ్రాములు, అల్లం వెల్లుల్లి ముద్ద టేబుల్ స్పూనున్నర, కారం రెండు టీస్పూన్లు, ఉప్పు టీస్పూనున్నర, పసుపు అర టీస్పూను పట్టించి మూత పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. నిమ్మరసం, పచ్చి బొప్పాయి మాత్రం రాత్రంతా ఉంచొద్దు, ముక్క పిండిలా అయిపోతుంది. నాలుగు పెద్ద ఉల్లిపాయలు సన్నగా కోసి మధ్యస్థ మంట మీద 15-20 నిమిషాలు ఎర్రగా వేయించి, కాగితం మీద పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడిగా పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి. పుదీనా, కొత్తిమీర కడిగి ఆరబెట్టి ఉంచండి.

చర్చి నుంచి రాగానే 200 మి.లీ. గ్లాసుతో మూడు గ్లాసుల బాస్మతి కడిగి నానబెట్టండి, అరగంట చాలు. రాత్రి నానబెడితే గింజ విరిగి అన్నం ముద్దవుతుంది. ఈలోగా కూర. మందపాటి గిన్నెలో మూడు టేబుల్ స్పూన్ల నూనె, తక్కువ మంట. అందులో పెరుగు పట్టించిన కోడి ముక్కలు వేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఆ ముక్కలు బాగా కాగిన నూనెలో పడితే పెరుగు విరుగుతుంది. పది నిమిషాలు వేయించి, వేయించిన ఉల్లిలో ముప్పావు వంతు నలిపి వేసి, రెండు టమాటాలు, అర గ్లాసు నీళ్ళు, మూత. మొత్తం 25 నిమిషాలు. ధనియాల పొడి, కొబ్బరి ముద్ద చివరి పది నిమిషాల్లోనే వేయండి. ముందే వేస్తే అవే అడుగుకి దిగి మాడతాయి. చాలా ఇళ్ళలో కూర అడుగంటేది ఇందుకే.

పక్క పొయ్యి మీద బగారా అన్నం. నాలుగు టేబుల్ స్పూన్ల నూనె, నెయ్యి, షాజీరా, రెండు బిర్యానీ ఆకులు, ఐదు లవంగాలు, నాలుగు యాలకులు, చెక్క, చీల్చిన పచ్చిమిర్చి ఐదు, అర టేబుల్ స్పూను అల్లం వెల్లుల్లి, మిగిలిన ఉల్లి, పుదీనా. నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, ఉప్పు. నీళ్ళు రుచి చూస్తే కాస్త ఉప్పగా ఉండాలి. మరిగాక వడకట్టిన బియ్యం వేసి, నీళ్ళు బియ్యం మట్టానికి రాగానే మంట బాగా తగ్గించి మూత పెట్టి పది పన్నెండు నిమిషాలు, దించి ఇంకో పది. ఈ పది నిమిషాల్లో గరిటె పెట్టొద్దు.

అయినా కూర అడుగంటితే కలపొద్దు, గోకొద్దు. వెంటనే మంట ఆపి పైదంతా వేరే గిన్నెలోకి వంచేయండి, అడుగు ముట్టుకోకపోతే మాడు వాసన పెద్దగా ఎక్కదు. అన్నం మెత్తబడితే వెడల్పు పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పది నిమిషాలు పెట్టండి. ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్కతో తగ్గదు, ఉప్పులేని కొబ్బరి పాలో పెరుగో వేసి కూర పెంచాల్సిందే.

కౌన్సెలింగ్ చేసే బ్రదర్:
ఇంటి మగవాళ్ళకి ఒక మాట చెప్పాలి. కొలొస్సయి 3:21లో పిల్లలకి కోపం పుట్టించొద్దని చెప్పింది తండ్రులకి. అయినా పిల్లల స్నానాలు, బూట్లు, బైబిలు సంచి, టిఫిను వడ్డన అన్నీ తల్లి మీదే పెట్టి, ఆమె అరిచాక "మార్తలా ఎందుకు తొందరపడతావు?" అని లూకా 10 (వడ్డన పనుల్లో తొందరపడిన మార్తను యేసు మందలించిన చోటు) చదవడం అన్యాయం. యోహాను 12:2లో మార్త మళ్ళీ వడ్డిస్తూనే కనిపిస్తుంది, అక్కడ ఆమెకి ఏ గద్దింపూ లేదు. శనివారం రాత్రే ఇస్త్రీ, పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది దాకా పిల్లలు పూర్తిగా తండ్రి బాధ్యత అని ముందే మాట్లాడుకోండి.

గుమ్మం దగ్గర క్షమాపణ గురించి బోధకురాలు చెప్పింది బాగుంది. దెబ్బ పడి పిల్లాడు బాగా బెదిరితే మాత్రం ఆ ఒక్క నిమిషం చాలదు. తిన్నాక మళ్ళీ కూర్చోండి. యోహాను 21లో, తనను ఎరగనన్న పేతురు విషయంలో ప్రభువు చేసిన క్రమం చూడండి: నిప్పుల మీద చేపలు, రొట్టె పెట్టి పిలిచాడు, వాళ్ళు తిన్న తర్వాతే (15వ వచనం) ప్రశ్న అడిగాడు. ఆకలిగా ఉన్న పిల్లాడి చెవికి ఏ మాటా ఎక్కదు.

చేయి చేసుకోవడం ప్రతి వారం జరుగుతున్నా, ఒప్పుకున్న తప్పే వారాల తరబడి నిద్ర పట్టనివ్వకపోయినా, తినాలనిపించకపోయినా దాన్ని విశ్వాసం తక్కువ అనొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కి ఫోను చేయమనండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రార్థన ఆపాల్సిన పని లేదు, రెండూ సాగనివ్వండి.

కూడిక బాధ్యురాలు:
అందరికీ కృతజ్ఞతలు. మాలో కొందరికి ఫ్రిజ్ లేదు అక్కా. వాళ్ళు పొద్దున్నే మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడాలి, గొడవ అక్కడే మొదలవుతోంది.

వంట నేర్పే అక్క:
వాళ్ళు బల్ల ఉన్న ఆదివారం గుడ్ల పులుసు పెట్టుకోవడం మేలు. శనివారం రాత్రి ఉల్లి వేయించి ఉంచుకుని, వచ్చాక నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. ఒక పొయ్యి మీద పది పన్నెండు గుడ్లు, నీళ్ళు మరిగాక పది నిమిషాలు. రెండో దాని మీద పులుసు. ఒలిచిన గుడ్లకి గాట్లు పెట్టి, పులుసు చిక్కబడ్డాక చివరి ఐదు నిమిషాలకి వేయండి. గాట్లు లేకపోతే గుడ్డుకి పులుపు పట్టదు. అన్నంతో కలిపి నలభై నిమిషాల పని. కోడి కూర వేరే ఆదివారం.