రోజూ తాగే మనిషిని మాన్పించడం: చేర్చే ముందు, చేర్చేటప్పుడు, ఇంటికొచ్చాక (చర్చ)

కృష్ణాతీరం
ఇంట్లో ఒకరు రోజూ తాగుతుంటే ఏ దశలో ఏం చేయాలో తెలిసినవాళ్లు దయచేసి ఇక్కడ రాయండి. తాగుడు మాన్పించే (డీ-అడిక్షన్) సెంటర్‌లో చేరిస్తే పని అయిపోయినట్టే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. నెలరోజుల ఫీజు ఎలాగో సర్దుతారు, ఆ తర్వాతి రోజుకి మాత్రం ఎవరి దగ్గరా ఏ ఆలోచనా ఉండదు. ముఖ్యంగా మూడు సంగతులు కావాలి: ఉన్నపళంగా మాన్పించవచ్చా? ఒప్పుకోని మనిషిని ఎలా చేర్చాలి? వచ్చాక ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

వార్డు సిస్టర్
మొదటిదానికి జవాబు: పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితేగానీ నిలబడలేని మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. ప్రాణం పోవచ్చు.

చివరిసారి తాగిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెట్టుకోండి. 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, నిద్ర పట్టకపోవడం. 12 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. ఎక్కువమంది మోసపోయేది ఆ తర్వాతే. రెండో రోజు గడిచింది, గండం గట్టెక్కింది అనుకుంటారు. 2 నుంచి 4 రోజుల మధ్య మనిషి మతి తప్పి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని అరుస్తాడు. జ్వరం, గుండెదడ ఉంటాయి. దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు. పల్లెల్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు, ఆ ఒక్క రాత్రి ఆలస్యమే ప్రాణం తీస్తుంది. నేరుగా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకోటి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగిన ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలడం, కళ్లు అదుపు తప్పి కదలడం, అయోమయం దాని గుర్తులు. సెలైన్ పెట్టేముందు "ఈయన రోజూ తాగుతారు, థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చారా?" అని అడగండి. షుగర్ బాగా పడిపోయి ఉంటే గ్లూకోజు ఆపకూడదు, రెండూ కలిపి ఇవ్వాలి.

పాలమూరు
మా దిక్కు ఇంకో సంగతి ఉన్నది. "మావోడు మందు ముట్టడు, కల్లే" అని డాక్టరుకు చెప్తరు. దుకాణంల అమ్మే కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతరు. 2015ల కల్తీ కల్లు మీద దాడులు పెరిగి అది దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్ల దవాఖానలు నిండింది ఇందుకే. 2020 లాక్‌డౌన్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖాన ఓపీ ముందు బారులు కట్టింది కూడా ఇందుకే.

డయాజెపాం ఒంట్లకెంచి మెల్లగ పోతది. అందుకే ఫిట్స్ మూడో నాడు రాకపోయినా వారం తర్వాత రావొచ్చు. డాక్టరు మాత్రలు ఇచ్చి వారాల మీద తగ్గిస్తడు. కల్లు అని చిన్నగ చెప్పకుండ, ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల సంది, ఆఖరుకు ఎప్పుడు తాగిండో రాసుకపోండ్రి. ఆడోళ్లు, ముసలోళ్లు కూడ తాగుతరు, వాళ్ల సంగతి దాచొద్దు.

మాటసాయం
వార్డు సిస్టర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అయ్యప్ప మాలతో 41 రోజులు మానేవాళ్లు మనలో చాలామంది. ఆ సంకల్పం నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడకండి. కానీ రోజూ తాగే మనిషికి దీక్ష మొదటి నాలుగు రోజులే అతి ప్రమాదం. మాల వేసుకోవడానికి ముందే డాక్టరుకు చూపించి మాత్రలు మొదలుపెట్టించండి. మాల తీసే వారానికి ఓపీ తేదీ ముందే తీసుకోండి.

ఇక ఒప్పించడం. చుట్టాలందరినీ పిలిచి పంచాయితీ పెడితే మనిషి సిగ్గుతో ముడుచుకుపోతాడు, లేదంటే తిరగబడతాడు. 1999లో అమెరికాలో మిల్లర్, మేయర్స్ బృందం మూడు పద్ధతులను పోల్చి చూసింది. అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో చికిత్సకు వచ్చినవాళ్లు దాదాపు 30 శాతం. ఇంట్లోవాళ్లకు మాట్లాడే తీరు, స్పందించే తీరు నేర్పించిన పద్ధతిలో 64 శాతం. ఆ రెండో పద్ధతిని క్రాఫ్ట్ అంటారు. మన ఇళ్లకు పనికొచ్చేలా చెప్పాలంటే:

తాగి ఉన్నప్పుడు ఒక్క మాట కూడా ఎత్తకండి. పొద్దున, కడుపులో ఏదో పడ్డాక, అతను గౌరవించే ఒక్క మనిషి మాట్లాడాలి. అది భార్యే కానక్కర్లేదు, మేనమామో బావగారో కావచ్చు. "నువ్వు తాగుబోతువి" అనకుండా, "మొన్న శనివారం బండి మీద పడ్డావు, పాప చూసి అన్నం తినలేదు" అని జరిగినదొకటి చెప్పాలి. వెంటనే "రేపు పది గంటలకు డాక్టరు దగ్గర టోకెన్ ఉంది, నేనొస్తా" అనాలి. ఒప్పుకున్న మనసు సాయంత్రానికి మారిపోతుంది, కాబట్టి టోకెన్ ముందే చేతిలో ఉండాలి. పిల్లల మీద ఒట్టు మాత్రం వేయించకండి. ఒట్టు తప్పాక ఆ అపరాధభావంతోనే ఇంకాస్త తాగుతాడు.

తాగని సాయంత్రం ఇంట్లో మంచి భోజనం, మంచి మాట ఉండాలి. తాగిన రోజు ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరమండీ" అని మీరు చెప్పకండి, బెల్టు షాపు బాకీ మీరు కట్టకండి. కొడితే మాత్రం ఓపిక పట్టాల్సిన పని లేదు: 112, మహిళలకు 181. 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్‌ను కలవచ్చు.

సెక్షన్89
బలవంతంగా చేర్చడం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోకి మద్యం, మత్తుమందులతో వచ్చే మానసిక స్థితులు కూడా వస్తాయి. మనిషి ఒప్పుకోకపోతే 89వ సెక్షన్ దారి ఉంది: నామినేటెడ్ ప్రతినిధి (రోగి తన తరఫున రాసిచ్చిన మనిషి, రాయకపోతే బంధువు) దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. తనకో ఇతరులకో హాని చేసే స్థితి, లేదా తన బాగోగులు తాను చూసుకోలేక ప్రమాదంలో పడే స్థితి ఉండాలి. అలా చేర్చుకుంటే గడువు గరిష్ఠంగా 30 రోజులు. తాగుతాడన్న ఒక్క కారణంతో, అర్ధరాత్రి నలుగురు మనుషులు వచ్చి వ్యానులో ఎత్తుకుపోవడం ఈ పద్ధతి కాదు.

సెంటర్‌కి డబ్బు కట్టే ముందు ఇవి అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా? సైకియాట్రిస్టు వారంలో ఎన్నిసార్లు వస్తారు? రాత్రి నర్సు ఉంటారా? ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు? మొదటి వారం ఫోన్ మాట్లాడనిస్తారా? రక్తపరీక్షలు, లివర్ పరీక్ష చేయకుండా చేర్చుకునే చోట, "మూడు నెలలు చూడ్డానికి రావద్దు" అనే చోట చేర్చకండి. గొలుసులు వేయడం 95వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

కృష్ణాతీరం
తెలియకుండా కూరలో కలిపే మందు గురించి అందరూ అడుగుతున్నారు. దాని సంగతేంటి?

మందుల షాపు
వద్దు. అలా కలిపేది చాలావరకు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉంటే అక్కడికక్కడే పోవచ్చు. మనిషికి తెలిసి, రాతపూర్వకంగా ఒప్పుకుని, కనీసం 24 గంటలు తాగకుండా ఉన్నాకే డాక్టరు మొదలుపెడతారు. మామూలు మోతాదు రోజుకు 250 మిల్లీగ్రాములు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. ఆల్కహాలు ఉన్న దగ్గు టానిక్కు, మౌత్‌వాష్ కూడా పడవు. కామెర్లు కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కోరిక తగ్గించే మందులు వేరే ఉన్నాయి. నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి. అది వాడేవాళ్లకు నొప్పికి ట్రమడాల్ ఇవ్వకూడదు. అకాంప్రొసేట్ రోజుకు మూడు పూటలు వేసుకోవాలి, కిడ్నీ పరీక్ష చూసి ఇస్తారు. లివర్ బాగా చెడినవాళ్లకు బాక్లోఫెన్ ఆలోచిస్తారు. ఏది ఎవరికన్నది డాక్టరే తేల్చాలి. పాత చీటీ పట్టుకొచ్చి షాపులో కొనకండి.

మాటసాయం
ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలే అసలు పని. డిశ్చార్జి కాగితం, మాత్రల చీటీ, తర్వాతి ఓపీ తేదీ చేతిలో లేకుండా సెంటర్ గేటు దాటకండి.

జీతం రోజు, శనివారం సాయంత్రం, ఖాళీ మధ్యాహ్నం, ఇంట్లో గొడవైన రాత్రి. జారేది ఎక్కువగా ఈ వేళల్లోనే. జీతం ఎవరి ఖాతాలోకి రావాలో అతనితోనే కూర్చుని మూడు నెలలకు ఒప్పందం చేసుకోండి, లాక్కోకండి. ఇంటికొచ్చే దారిలో వైన్ షాపు ఉంటే దారి మార్చండి. కోరిక పుట్టిందంటే చాలావరకు అరగంటలో దిగిపోతుంది. ఆ అరగంటకి తినడానికి ఏదో ఒకటి, ఫోన్ చేయడానికి ఒక పేరు ముందే ఉండాలి. సంక్రాంతికి, పెళ్లిళ్లకి కలిసి వెళ్లి భోజనాలు కాగానే కలిసి వచ్చేయండి. సాయంత్రం రాగానే నోరు వాసన చూడటం మానండి. మాత్ర మీ ఎదురుగా వేసుకోవడమే పరీక్ష అని ఇద్దరూ ముందే అనుకోండి.

మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి, భార్య మీద అనుమానం కనిపించవచ్చు. నాలుగు వారాలు తాగకుండా ఉన్నాక కూడా దిగులు వదలకపోతే అది విడిగా చికిత్స చేయాల్సిన డిప్రెషన్ కావచ్చు, సైకియాట్రిస్టుకు చెప్పండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఇవాళే తీసేయండి, లేదా తాళం వేసి తాళంచెవి పొరుగువారికివ్వండి. "నేను లేకపోతే మీకే హాయి" అన్న మాట వినిపిస్తే బెదిరింపు అని కొట్టిపారేయకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి రాత్రైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు విషయాలకు 14446 కూడా ఉంది.

వార్డు సిస్టర్
మళ్లీ తాగితే ఏం చేయాలన్నది మానేసినప్పుడే కాగితం మీద రాసుకోండి. ఒక్కసారి తాగిన మర్నాడే ఓపీకి తీసుకురండి. "మళ్లీ నెలరోజులు సెంటర్‌లో వేయాలేమో" అన్న భయంతో పదిహేను రోజులు దాస్తే ఒళ్లు పాత స్థితికి చేరుతుంది, అప్పుడు మానినా ఫిట్స్ భయం మళ్లీ మొదలే. వచ్చేటప్పుడు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, చివరి లివర్ రిపోర్టూ, ఎంత తాగాడో క్వార్టర్ల లెక్కన రాసిన చీటీ తెచ్చుకోండి.